అన్ని మోటర్లూ ఒక్కసారే మొదలైతే

మా ఊళ్లో ఎవరు ఏ కొత్త వస్తువు కొన్నా ముందు మా ఇంటికి తెచ్చి చూపించి పోయేవారు. కుట్టుమిషను, మందు కొట్టే పంపు, గ్యాసు పొయ్యి, చివరికి టీవీ కూడా. బోధన్ నుంచి తెచ్చిన సామాను బండి మీద నుంచి దించకుండానే మా దర్వాజ ముందు ఆపేవారు. ఊరి పెత్తనం, పటేల్‌గిరి, మా ఇంట్లో ఉన్న రోజుల్లో అది మర్యాద. పటేల్‌గిరీలు రద్దయి, సీలింగులో కొంత భూమి పోయి, మిగిలినది మా పెద్దబాపులూ కాకలూ పంచుకొని అమ్ముకున్న తర్వాత అది అలవాటు. నేను మాత్రం మర్యాదగానే తీసుకున్నాను. మేడ కూలిపోయింది. చెక్కిన స్తంభాలను హైదరాబాదు వ్యాపారి ఒకడు లారీలో వేసుకొని పోయాడు. అయినా ఇస్త్రీ చొక్కా తొడుక్కోకుండా నేను దర్వాజ దాటి బయటికి వచ్చిన రోజు లేదు.

వస్తువును చూడడం మా తాత దగ్గర నేర్చుకున్నాను. ఆయన చదువుకున్నది ఉర్దూ, అదీ కొంచెమే. కానీ ఊరికి మొదటి డీజిల్ ఇంజను వచ్చినప్పుడు ఆయన అడిగిన మాటలు ఇప్పటికీ పనికొస్తాయి. ఇది ఏం తింటది? చెడిపోతే బాగు చేసేటోడు ఎంత దూరంల ఉన్నడు? ఈ రెండూ బుద్ధి ఉన్న ఎవరైనా అడుగుతారు. ఆయన మూడోది కూడా అడిగేవాడు. ఊరంతా ఇదే కొంటే ఏమైతది? అమ్మ వచ్చినవాడు ఆ మాటకు సంతోషపడి నవ్వేవాడు. ఊరంతా కొంటే వాడికి అంతకంటే కావలసిందేముంది? తాత నవ్వేవాడు కాదు. ఒక ఎండాకాలం నడిపి చూస్తే గానీ ఆయన నోటి నుంచి మంచిదన్న మాట వచ్చేది కాదు.

ఆ పద్ధతిలోనే నేను చాలా వస్తువులకు తీర్పు చెప్పాను. ఒకసారి పంచాయతీ ముందు సూర్యరశ్మితో వెలిగే దీపం నిలబెట్టారు. ఊరంతా తల పైకెత్తి చూస్తుంటే నేను వచ్చిన ఆఫీసరును అడిగాను, కింద పెట్టెలో ఉన్న బ్యాటరీకి నీళ్లు ఎవరు పోస్తారని. మేమే చూసుకుంటామండీ అన్నాడు. ఆయన మళ్లీ రాలేదు. రెండో ఏడు వానలకే దీపం ఆరింది. స్తంభం మాత్రం గట్టిది, ఎవరిదో బర్రెను కట్టేయడానికి బాగా పనికొచ్చింది. దీపం మంచిదే. దానికి నీళ్లు పోసే మనిషిని ఎవరూ కొనలేదు, అంతే.

ఇక నేను చెప్పదలచింది మోటరు స్టార్టరు సంగతి.

తొంభైల్లో మాట. మా ఊరు నిజాంసాగర్ కాలువకు చివర ఉంటుంది. కాలువ నీళ్లు ఏ ఏటికి ఆ ఏడు తగ్గుతూ వచ్చి, చెరుకు అంతా బాయిల మీద, బోర్ల మీద పడింది. మాకు మిగిలిన మూడెకరాల చెక్క ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ఉంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద పదకొండు మోటర్లు. కరెంటు ఒక వారం పగలు, ఒక వారం రాత్రి ఇచ్చేవారు. ఎన్ని గంటలకు వస్తుందో లైన్‌మన్‌కే తెలియదు. రాత్రి వారం వస్తే మగవాళ్లంతా బాయిల దగ్గరే పడుకునేవారు. చెరుకు తోటల్లో పాములు. మా పక్క బాయి రైతును పాము కరిస్తే, బతికాడు గానీ నెలన్నర మంచం దిగలేదు.

అప్పుడు వచ్చింది ఆటోమేటిక్ స్టార్టరు. తెచ్చినవాడి తండ్రి ఒకప్పుడు మా ఇంట్లో పాలేరుగా జీతం ఉన్నాడు. కొడుకు బోధన్‌లో మోటర్ల వైండింగు నేర్చుకొని, బస్టాండు దగ్గర సొంత దుకాణం పెట్టాడు. ఊళ్లో వాళ్ల చెక్క, బాయి కూడా ఆ ట్రాన్స్‌ఫార్మర్ కిందే. వాడి తండ్రి మా వాకిట్లో చెప్పులు విడిచి నిలబడేవాడు. వీడు వస్తూనే కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. నేను చాయ్ చెప్పాను. కాలం మారినప్పుడు దాన్ని ముందు మనమే గుర్తిస్తే మన పెద్దరికం నిలుస్తుంది.

"పటేలా, గీ డబ్బా జూడు," అన్నాడు, రేకు పెట్టె మూత తీసి. "కరెంటు వచ్చిందంటే దానంతట అదే మోటరు చాలు జేస్తది. పోతే ఆగుతది, వస్తే మళ్ల చాలు. మనిషే అక్కర లేదు. నువ్వు ఇంట్ల కాళ్లు సాపుకొని పండు."

"మంచిగనే ఉన్నది."

"అయితే గా మాటనే చెరుకు కాంట కాడ నలుగుట్ల చెప్పు. నువ్వు చెప్తే అందరు తీస్కుంటరు."

"ఒక ఎండాకాలం నా బాయి కాడ నడవనీ. అప్పుడు చెప్త."

వాడు చాయ్ కప్పు కింద పెట్టి పెద్దగా నవ్వాడు. "మీ తాత రైలుబండిని గూడ ఏడాది వాకిట్ల కట్టేసి చూస్తుండెనా ఏంది పటేలా?"

నాకూ నవ్వొచ్చింది. వాకిలి అంత పెద్దదైతే కట్టేసి చూసేవాడేనన్నాను.

స్టార్టరు నా బాయి దగ్గర బిగించాడు. చక్కగా నడిచింది. కరెంటు రాగానే టక్కుమని శబ్దం, ఆ వెంటనే మోటరు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా వాడికి రాలేదు. పటేల్ బాయికి పెట్టిన అని ఊళ్లో ఒక మాట వదిలాడు, అది చాలింది. మా ఊరివాళ్లకు మా ఇంటి మాట ఎంతో, మా ఇంటి మౌనం కూడా అంతే. నేను వద్దనలేదు గనుక మంచిదే అన్నానని లెక్క కట్టారు. ఉగాది వచ్చేసరికి పదకొండు మోటర్లకూ పదకొండు డబ్బాలు. రాత్రి వారంలో ఊరి మగవాళ్లు చాలా ఏళ్ల తర్వాత ఇళ్లల్లో పడుకున్నారు.

ఆ తర్వాత ఫ్యూజులు పోవడం మొదలైంది. రోజూ ఎవరో ఒకరు కర్రతో తీగె ఎక్కించి రావడం. తర్వాత ఒక మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ నుంచి నల్లటి పొగ వచ్చింది, నూనె కారింది, పదకొండు బాయిలూ ఒక్కసారే నిలిచిపోయాయి.

ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే దాన్ని దించి, ట్రాక్టరులో వేసుకొని, నిజామాబాద్ తీసుకుపోయి బాగు చేయించుకొని తెచ్చుకునే పని కూడా రైతులదే. అక్కడ మాలాంటి ఊళ్ల ట్రాన్స్‌ఫార్మర్లు వరుసగా నిలబడి ఉంటాయి. వంతు వచ్చేదాకా వారం పైనే. ఈలోగా చెరుకు ఆకు చుట్ట చుట్టుకుంది. తెచ్చి ఎక్కించిన నాలుగు రోజులకే మళ్లీ కాలింది. ఈసారి ఒకరి మీద ఒకరు పడ్డారు. బాగు చేసినవాడు పాత నూనె పోసిండని ఒకరు, ఎవరో దొంగ మోటరు నడుపుతున్నరని ఇంకొకరు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలని లైన్‌మన్‌ను అడిగితే, రాసి పెట్టుకుంటే వచ్చే ఏటికి చూస్తరు అన్నాడు. చెరుకు వచ్చే ఏటి దాకా ఆగదు. ఇంకొకసారి కాలితే ఆ ఏటి పంట అంతటితో సరి. అది పదకొండు ఇళ్ల సంగతి.

మా ఇంటి సంగతి మా అక్క చెప్పింది. మా బావ పోయిన తర్వాత అక్క మా ఇంటికే వచ్చి, తాళంచెవులు నడుముకు చెక్కుకొని, ఉన్న నాలుగు అర్రలనూ నలభై అర్రలున్నట్టే నడుపుతుండేది. అన్నం వడ్డిస్తూ అన్నది:

"ఈ చెరుకు ఎండిందంటే ఆ చెక్క నిలవది. చెక్క పోయినంక మనం పటేండ్లం అని ఎవలకు చెప్తవు? గోడలకా?"

"ఎండది," అన్నాను.

"నువ్వు చెప్తే ఇంటదా చెరుకు?"

చెరుకు వినదు. అందుకే మరుసటి రోజు కారణం చూడడానికి కూర్చున్నాను. ట్రాన్స్‌ఫార్మర్ రెండోసారి కాలకముందు పగటి వారంలో నేను ఒక పని చేసి ఉన్నాను, దాన్ని మనసులో మళ్లీ నడిపించుకున్నాను. అప్పుడు ఒక రోజు ఇంట్లోంచి కుర్చీ తెప్పించుకొని ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎదురుగా, తుమ్మ నీడలో వేసుకున్నాను. మధ్యాహ్నం దాటాక కరెంటు వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పటిలా గుంయ్‌మనలేదు. బరువు నెత్తికెత్తుకున్న మనిషిలా మూలిగింది. నా స్టార్టరు బోర్డు మీద ఓల్టేజీ ముల్లు ఒక్క దెబ్బకు కిందికి పడింది. చుట్టూ చెరుకు తోటల్లో పదకొండు డబ్బాలు ఒకే క్షణాన టక్కుమన్నాయి. మోటరు నడిచేటప్పుడు తినేదాని కంటే లేచేటప్పుడు తినేది ఎన్నో రెట్లు. పదకొండూ ఒకేసారి లేచి నోరు తెరిస్తే ఆ ఒక్క పొయ్యి ఏం వండి పెడుతుంది? ఫ్యూజు తీగె ఎర్రబడి ఠప్పుమన్నది.

మరి డబ్బాలు రాకముందు ఇవే పదకొండు మోటర్లు, ఇదే ట్రాన్స్‌ఫార్మర్. ఎందుకు కాలలేదు? అన్నం తిన్న చెయ్యి ఎండిపోయేదాకా ఆలోచించాను. కరెంటు వస్తే ముందు బాయి దగ్గర ఉన్నవాడు మోటరు పెట్టేవాడు. తర్వాత చాయ్ హోటల్లో కూర్చున్నవాడు కప్పు ఖాళీ చేసి, బీడీ ముట్టించుకొని, నడుచుకుంటూ వచ్చి పెట్టేవాడు. ఇంకొకడు సైకిలు మీద. ఇంకొకడిని పెండ్లాం తిట్టి నిద్ర లేపితే గానీ కదిలేవాడు కాదు. అందరి మోటర్లూ లేచేసరికి అరగంట. ఆ అరగంట నడకే ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇన్నాళ్లూ కాపాడింది. డబ్బా వచ్చి ఆ నడకను తీసేసింది. అంతవరకు మనిషి సోమరితనం అనుకున్నది యంత్రంలో ఒక భాగమని ఆ పూట నాకు తెలిసింది. తాత మూడో ప్రశ్నకు జవాబు నా కళ్ల ముందే జరిగింది.

సాయంత్రం చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర అందరినీ పిలిపించాను. వైండింగు అతను కూడా దుకాణం మూసి వచ్చాడు. కొంచెం బింకంగానే ఉన్నాడు. కొందరు డబ్బాలు పీకేద్దామన్నారు. పాము కరిచిన రైతు లేచి, తన కాలు ముందుకు చాపి, "గీ కాలు జూసి మాట్లాడుండ్రి," అన్నాడు. నేనూ పీకమనలేదు.

"డబ్బా మంచిదే," అన్నాను. "అన్నీ ఒక్కసారే లేచుడు మంచిది కాదు. ఒకటి లేచి కుదురుకున్నంక ఇంకొకటి లేవాలె. గట్ల చేయొచ్చునా?"

"టైమరు పెడితే అయితది," అన్నాడు వైండింగు అతను. "కరెంటు వచ్చినంక మూడు నిమిషాలకంటే మూడు, పదికంటే పది. ఎంత పెడితే అంతసేపు ఆగి లేస్తది."

"మరి మొదలే ఎందుకు పెట్టలే?" అని ఒకడు లేచాడు.

"నువ్వు అడిగినవా? ఎంతకు తక్కువ చేస్తవు అని తప్పితే ఒక్కడన్న ఇంకో ముచ్చట అడిగిండా?"

అడిగినవాడు మళ్లీ కూర్చున్నాడు. అసలు గొడవ అప్పుడు లేచింది. ఎవరిది మొదలు? తేడా నిమిషాలే. కానీ కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లో మొదటివాడికి నీళ్లు ఖాయం, చివరివాడిది అనుమానం. పైగా చివర నిలబడడం ఎవరికీ ఇష్టం లేదు. నా చెరుకు లేతది అని ఒకడు, నాది మోడు మీద లేచే కార్శి, నీళ్లు లేకపోతే పిలకలు రావని ఒకడు, మా అన్న కంటే ముందు నాకు పెట్టొద్దు గానీ వాని బామ్మర్ది కంటే ముందు పెట్టుండ్రి అని ఇంకొకడు.

ఒక ముసలాయన కర్ర నేలకు కొట్టి అన్నాడు: "ఆగుండ్రిరా. మొదటి తడి ఎప్పటికీ పటేల్‌ది. అండ్ల మాటనే లేదు. మిగిలింది మీరు మీరు చూస్కోండ్రి."

అది నిజం. కాలువ నీళ్లు పారిన రోజుల్లో మొదటి తడి మా మడికే. కొబ్బరికాయ కొట్టి, ఊరికి నీళ్లు పంచే నీరటి మడవ తీసేవాడు. కాలువ ఎండినా ఊరు ఆ పద్ధతి విడవలేదు. ట్రాన్స్‌ఫార్మర్ కొత్తగా ఎక్కించినా మొదట నా మోటరే పెట్టమనేవారు. భూమి, కొలువు, మేడ పోయాక ఊరు మాకు ఇంకా ఇస్తున్నది ఆ ఒక్కటే. అందరూ నా మొహం చూశారు. నేను సరే అంటే అక్కడ అడ్డు చెప్పేవాడు లేడు.

"మొదటిది తీగె ఆఖరున ఉన్నోనిది," అన్నాను. "తీగె పొడుగు పోయిన కొద్ది కరెంటు బలం తగ్గుతది. ఆఖరు మోటరు అందరు లేచినంక లేస్తనంటే లేవలేదు, మూలిగి మూలిగి కాలుతది. ఎవలు గుంజకముందే అది లేవాలె. ఆ తర్వాత దాని ఇవతలిది. గట్లనే వరుస."

తీగె ఆఖరున ఉన్న బాయి వైండింగు అతనిదే. వాడు ఒక్క క్షణం నమ్మలేదు.

"మాదా పటేలా?"

"నీదే. నీ మొకం చూసి కాదు, తీగె చూసి."

వెనక నుంచి ఎవడో మెల్లగా అన్నాడు: "అయితే ట్రాన్స్‌ఫార్మర్ పక్కపొంటి ఉన్నోడు ఆఖరు గదా. ఆ బాయి ఎవలిది?" ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు.

"నాది," అన్నాను. "నాకు తెల్వకనా చెప్పుతున్న?"

ఆ తర్వాత ఒక్కడు కూడా తన వంతు గురించి నోరెత్తలేదు. పటేలే చివర నిలబడితే తొమ్మిదోవాడికీ పదోవాడికీ ఏం చిన్నతనం? అది నాకు ముందే తెలుసు. చివరి చోటును పెద్దదిగా చేయగలిగినవాడు ఆ కాంటా దగ్గర నేనొక్కడినే, వేరే ఎవరు నిలబడినా అది ఓటమే అయ్యేది. ఇంకొక షరతు పెట్టాను. టైమరును ఎవరూ ముట్టుకోకూడదు, అమ్మినవాడే నెలకొకసారి వచ్చి పదకొండూ చూసి పోవాలి.

"అచ్చినప్పుడల్లా చాయ్ పోస్తవా?" అన్నాడు వైండింగు అతను.

"పోస్త. నీళ్లు పారితేనే."

ఇంట్లో పంచాయితీ అంత తేలికగా తెగలేదు. నేను కాళ్లు కడుక్కునేలోపే మాట అక్కకు చేరింది.

"మన బాయి ఆఖరా? మన ఇంట్ల జీతమున్నోని కొడుకుది మొదలా? బాపు ఉంటే గిట్ల కానిచ్చునా?"

"బాపు ఉన్నా తీగె గంతే పొడుగుండు అక్కా."

అక్క పళ్లెం నా ముందు పెట్టి, కూర గిన్నె చేతికి అందనంత దూరంలో పెట్టి లోపలికి పోయింది.

ట్రాన్స్‌ఫార్మర్ నిజామాబాద్ నుంచి రెండోసారి వచ్చింది. పగటి వారమే. టైమర్లన్నీ వరుసగా పెట్టి ఉన్నాయి. ఊరు సగం మా బాయి దగ్గరే ఉంది, ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్, ఓల్టేజీ ముల్లు రెండూ కనబడేది అక్కడే. అక్క ఎప్పుడూ పొలానికి రాదు. ఆ రోజు వచ్చి, కొంగు నిండా కప్పుకొని, పైపు పక్కన నిలబడింది. నేను కుర్చీలో కూర్చున్నాను. నాకు బెదురు లేదు. తీగె సంగతి, మోటరు సంగతి నేను చూసిందే, తప్పడానికి అందులో ఏమీ లేదు.

కరెంటు వచ్చింది. ఎక్కడో దూరాన చెరుకు వెనక ఒక మోటరు లేచింది. ముల్లు కొంచెం వంగి, మళ్లీ నిలబడింది. కాసేపటికి దాని ఇవతలిది. ముల్లు వంగింది, నిలబడింది. ఐదోది కొంచెం పెద్ద మోటరు. అది లేచినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ గొంతు మారింది, నలుగురు వెనక్కి జరిగారు. ఫ్యూజు తీగె అట్లాగే ఉంది. ఆరు, ఏడు. దూరం నుంచి శబ్దం దగ్గరికి నడుచుకుంటూ వస్తున్నట్టుంది. పదో మోటరు మా గట్టు అవతలే లేచింది. దాని పైపులోంచి నీళ్లు దూకుతుంటే, పాము కరిచిన రైతు తన మడి వైపు కుంటుతూ పరుగెత్తాడు.

నాది ఒక్కటే మిగిలింది. టైమరు నడుస్తోంది. ముల్లు నిలకడగా ఉంది. అందరూ నా డబ్బా వైపు చూస్తున్నారు, అది టక్కుమనడం లేదు.

"పటేలా, నీ మోటరుకు మంచి నిద్ర పట్టినట్టున్నది," అన్నాడు ఒకడు.

నేను నోరు తెరవకముందే అక్క అందుకుంది. "పటేండ్ల మోటరురా అది. నలుగురు వచ్చి కూసున్నంకనే లేస్తది."

అందరూ గొల్లున నవ్వారు, అక్క మాత్రం నవ్వలేదు. ఆ నవ్వులోనే డబ్బా టక్కుమంది. మోటరు లేచింది. ముల్లు వంగి, నిలబడింది. పైపు రెండుసార్లు గాలి కక్కి, ఎర్రటి తుప్పు నీళ్లు వదిలి, తర్వాత తెల్లటి నీళ్లు నిండుగా పోసింది. అక్క వంగి దోసిలి పట్టి, ఆ నీళ్లతో మొహం కడుక్కొని, ఎవరి వైపూ చూడకుండా ఇంటికి నడిచింది.

ఆ ఎండాకాలం ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ గద్దె దిగలేదు. ఎండలు తగ్గి మృగశిర వచ్చాక కాంటా దగ్గర అడిగారు, పక్క ఊరివాళ్లు కూడా ఉన్నారు, ఇప్పుడు చెప్పు పటేలా, డబ్బా మంచిదేనా అని. మంచిదే అన్నాను. ఒక్కరు కొంటే ఎట్లాగైనా మంచిదే. ఊరంతా కొంటే మాత్రం ముందు వరుస కుదుర్చుకొని, ఆఖరున ఎవరుంటారో తేల్చుకొని, తర్వాత కొనండి అన్నాను. పక్క ఊరివాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ల ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ పక్కన బాయి ఎవరిదో నాకు తెలుసు. ఆయనా మావంటి ఇంటివాడే. ఆయనతో నేనే వచ్చి మాట్లాడతానని చెప్పి, కండువా భుజాన వేసుకొని లేచాను.